గోల్ఫ్ స్వింగ్ బాగుపడాలంటే: ముందు బంతిని చదవండి, భుజాలూ నడుమూ తర్వాత

బంతి కుడికి వంగిపోగానే ఎవరైనా ముందు చేసే పని ఒంట్లో తప్పు వెతకడం. తల కదిలిందేమో, మోచెయ్యి వంగిందేమో, నడుము తిరగలేదేమో. తర్వాతి బంతికి తల బిగబట్టి కొడతారు, అది ఎడమకి పోతుంది, సాయంత్రం ఇంకో వీడియో చూసి మణికట్టు మారుస్తారు, నెల తిరిగేసరికి బుర్రలో పది సలహాలు చేరతాయి కానీ స్లైస్, అంటే ఆ కుడి వంపు, మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ వరసను తిరగేయండి. మీ మోచెయ్యి ఎక్కడుందో బంతికి తెలీదు. దానికి తెలిసింది క్లబ్ (కొట్టే కర్ర) తల ఒక్కటే, అదీ సెకనులో సుమారు 2000వ వంతు సేపు. ఆ కాస్త సమయంలో ఫేస్ (క్లబ్ తలలో బంతిని తాకే చదునైన వైపు) ఎటు చూస్తోంది, క్లబ్ ఏ దారిలో వస్తోంది, ఫేస్‌లో ఏ చోట తగిలింది, క్లబ్ నేలను ఎక్కడ తాకింది, ఎంత వేగంతో వచ్చింది, ఇవే బంతి ఎటు వెళ్లాలో తేలుస్తాయి. వీటిలో మీకు ఏది చెడిందో తెలిశాక ఒంటి జోలికి వెళ్దాం.

ముందు పది బంతులు, ఏమీ మార్చకుండా

7 ఐరన్ (మధ్య దూరాలకు వాడే లోహపు తల క్లబ్) తీసుకోండి. ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి వాటం లెక్కలో చెబుతున్నాను, మీది ఎడమచేతి వాటం అయితే కుడి ఎడమలు తారుమారు చేసుకోండి. ఒళ్లు కాస్త వేడెక్కాక పది బంతులు మామూలుగా, ఏదీ సరిచేయకుండా కొట్టండి. ప్రతి బంతికీ మూడే గమనించండి: ఎటు బయల్దేరింది, ఆ తర్వాత ఎటు వంగింది, ఫేస్ మీద ఎక్కడ తగిలింది. మూడోది కంటికి అందదు కాబట్టి వైట్‌బోర్డు మార్కర్‌తో బంతి వెనక వైపు ఒక చుక్క పెట్టండి. కొట్టాక ఆ ఇంకు ఫేస్ మీద అచ్చు పడుతుంది, చూసి గుడ్డతో తుడిచేస్తే సరి. మొదటిసారి ఇలా చూసినవాళ్లలో చాలామంది ఉలిక్కిపడతారు, ఎందుకంటే నడిమధ్యలో తగిలిందని చేతికి అనిపించిన షాట్ కూడా మడమ (ఫేస్‌లో కర్రకి దగ్గరి కొస) వైపు రెండు వేళ్ల దూరంలో తగిలి ఉంటుంది.

ఇప్పుడు చదవడం ఎలాగో చూడండి. బంతి బయల్దేరే దిక్కు చాలావరకు ఫేస్ చూస్తున్న దిక్కే. చాలాకాలం దీన్ని తలకిందులుగా నేర్పారు, క్లబ్ వచ్చిన దారిలోనే బంతి బయల్దేరుతుందని, ఫేస్ దాన్ని వంచుతుందని. రాడార్‌తో పనిచేసే, బంతి కదలిక కొలిచే లాంచ్ మానిటర్లు సాధన మైదానాలైన రేంజ్‌లకు వచ్చాక ఆ మాట నిలబడలేదు. వంపు అనేది ఫేస్‌కీ దారికీ మధ్య ఉన్న తేడా. ఫేస్ దారికంటే కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది, మూసుకుని ఉంటే ఎడమకి.

దీన్నిబట్టి, మీ బంతి ఎడమకి బయల్దేరి కుడికి వంగుతోందంటే ఫేస్ ఎడమకే చూస్తోంది, కానీ దారి అంతకంటే ఎడమకి పోతోంది. అక్కడ మార్చాల్సింది దారి. కుడికి బయల్దేరి ఇంకా కుడికి పోతే ఫేస్ తెరుచుకుపోయింది, ముందు గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు) చూడాలి. కుడికి బయల్దేరి ఎడమకి గట్టిగా తిరిగితే దారి మరీ కుడికి పోతోంది, ఫేస్ దాన్ని దాటి మూసుకుంటోంది. ఎటూ వంగకుండా తిన్నగా ఎడమకే వెళ్లిపోతే ఫేస్, దారి రెండూ ఎడమకే, అప్పుడు ముందు మీరు నిలబడ్డ తీరు చూసుకోండి.

ఒక మెలిక ఉంది. ఇదంతా బంతి ఫేస్ మధ్యలో తగిలినప్పటి లెక్క. ముఖ్యంగా ఎక్కువ దూరం కొట్టే పెద్ద తల క్లబ్ అయిన డ్రైవర్‌తో ముక్కు (కర్రకి దూరపు కొస) వైపు తగిలితే బంతి ఎడమకి, మడమ వైపు తగిలితే కుడికి వంగే గుణం ఉంది, మీ దారీ ఫేసూ ఎంత చక్కగా ఉన్నా సరే. అందుకే ఇంకు మచ్చ చూడకుండా వంపు గురించి ఏ నిర్ణయానికీ రావొద్దు.

పది బంతులయ్యాక ఎక్కువసార్లు వచ్చిన తప్పు ఒక్కటే ఫోన్‌లో రాసుకోండి. నేలను ముందే తాకడం, బంతి నెత్తిన కొట్టడం లాంటివి సగం షాట్లలో ఉంటే దిక్కు గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. తగలడం ముందు, దిక్కు తర్వాత.

గ్రిప్: విసుగు పుట్టించినా మొదలు ఇక్కడే

గోల్ఫ్‌లో అతి పెద్ద పోటీలైన మేజర్లలో 18 టైటిళ్లు గెలిచిన జాక్ నిక్లాస్ ప్రతి సీజన్ మొదట్లో తన చిన్ననాటి కోచ్ జాక్ గ్రౌట్ దగ్గరికి వెళ్లి పట్టు, నిలుపు లాంటి ఓనమాల నుంచి మళ్లీ దిద్దుకునేవాడు. అంతటివాడికే కావాల్సి వచ్చింది మనకు వద్దనుకోవడం కష్టం.

ఎడమ చేతిని మామూలుగా పక్కన వేలాడనివ్వండి. అది సహజంగా ఎలా తిరిగి ఉందో అలాగే తీసుకొచ్చి క్లబ్ మీద పెట్టండి. పట్టు కర్ర చిటికెన వేలి మొదలు నుంచి చూపుడు వేలి మధ్య కణుపు దాకా ఏటవాలుగా వేళ్లలో పడాలి, అరచేతి మధ్యలో కాదు. అప్పుడు చిటికెన వేలి కింద ఉండే మెత్తటి దిండు లాంటి కండ కర్ర పైన కూర్చుంటుంది. ఇది సరిగ్గా కూర్చుందో లేదో పరీక్ష ఏమిటంటే, చూపుడు వేలు, ఆ దిండు తప్ప మిగతా వేళ్లన్నీ తీసేసి క్లబ్ పైకెత్తండి. క్లబ్ నిలబడితే పట్టు సరైనదే, జారిపోతే కర్ర అరచేతిలోకి వచ్చేసింది. మీ గ్లవ్ ఆ దిండు దగ్గరే తొందరగా చిరిగిపోతుంటే అదీ ఇదే చెబుతోంది, ప్రతి స్వింగ్‌కీ కర్ర అక్కడ రాసుకుంటోంది.

కిందికి చూస్తే ఎడమ చేతి వేళ్ల కణుపులు రెండు, రెండున్నర కనపడాలి. ఒక్కటే కనపడుతోందంటే చెయ్యి మరీ ఎడమకి తిరిగింది, అది స్లైస్‌కి దగ్గరి దారి. కుడి అరచేతి గీత ఎడమ బొటనవేలిని కప్పాలి, కుడి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఏర్పడే మడత మీ కుడి భుజం వైపు చూడాలి. చిటికెన వేలిని ఎడమ చూపుడు వేలి మీద ఎక్కిస్తారా, మెలేస్తారా, పదివేళ్లతో పట్టుకుంటారా అన్నది మీ చేతి కొలతను బట్టి మీ ఇష్టం. నిక్లాస్, టైగర్ వుడ్స్ ఇద్దరూ మెలేసే రకమే. దాని గురించి జరిగే వాదనలు వినడానికి బాగుంటాయి, స్కోర్ మాత్రం తగ్గించవు.

గ్రిప్ మార్చాక మొదట్లో చాలా అసౌకర్యంగా ఉంటుంది, ఇది నా చెయ్యేనా అనిపిస్తుంది. రేంజ్‌లో కాకుండా ఇంట్లో టీవీ చూస్తూ క్లబ్ పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం చేస్తూ ఉండండి. బంతి ఎదురుగా లేనప్పుడు చెయ్యి కొత్త అలవాటును తొందరగా ఒప్పుకుంటుంది.

నిలబడటం

బంతి వెనక నిలబడి టార్గెట్ వైపు చూడండి, ఆ గీత మీదే బంతికి రెండు మూడడుగుల ముందు ఒక ఆకో, పాత డివోటో (క్లబ్ తగిలి గడ్డి లేచిన చోటు) ఎంచుకోండి. ముందు క్లబ్ ఫేస్‌ని ఆ గుర్తుకు పెట్టి, తర్వాతే పాదాలు సర్దుకోండి. ఎక్కువమంది పాదాలు ముందు పెట్టి, తర్వాత ఫేస్‌ని దానికి అతికిస్తారు, దాంతో పాదాలు టార్గెట్‌కి కుడిగా చూస్తుంటాయి. అలా నిలబడ్డాక బంతిని టార్గెట్‌కి పంపాలంటే స్వింగ్‌ని ఎడమకి లాగక తప్పదు. స్వింగ్ తప్పు అనుకున్న దాంట్లో సగం ఇక్కడే పుడుతుంది, దానికి మందు నేల మీద పడేసిన రెండు అలైన్‌మెంట్ స్టిక్కులు. ఒకటి బంతికి అవతల టార్గెట్ వైపు, ఇంకోటి దానికి సమాంతరంగా మీ కాలివేళ్ల ముందు.

నడుము దగ్గర వంగండి, వీపు దగ్గర కాదు. మోకాళ్లు కాస్త సడలించి, చేతులు భుజాల కింద వేలాడనివ్వండి. 7 ఐరన్‌కి బంతి మీ స్టాన్స్ (పాదాలు పెట్టిన వెడల్పు) మధ్యకి కొంచెం ఎడమగా ఉంటే చాలు.

నేలను ఎక్కడ తాకుతున్నారు

నన్నడిగితే ఐరన్ ఆటంతా ఈ ఒక్క విషయమే. మంచి ఆటగాళ్ల స్వింగ్‌లో అన్నిటికంటే కింది స్థానం బంతికి సుమారు పది సెంటీమీటర్లు ముందు, టార్గెట్ వైపు ఉంటుంది. అంటే క్లబ్ ఇంకా కిందికి దిగుతుండగానే బంతిని తాకి, ఆ తర్వాత గడ్డిని తీస్తుంది. డివోట్ బంతి ఉన్న చోట మొదలై ముందుకు సాగుతుంది. కొత్తవాళ్లకు ఆ కింది స్థానం బంతి వెనక ఉంటుంది. బంతిని గాల్లోకి లేపాలన్న తాపత్రయంతో బరువు కుడి కాలి మీదే ఉంచేసి, మణికట్లతో కిందనుంచి ఎత్తబోతారు. 7 ఐరన్ ఫేస్‌కి ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగా వాలు ఉంది, లేపే పని అది చూసుకుంటుంది.

ఇక డ్రిల్. గడ్డి ఉన్నచోట సుద్దతోనో, స్ప్రేతోనో టార్గెట్‌కి అడ్డంగా ఒక మీటరు పొడవు గీత గీయండి. ఆ గీత మీ స్టాన్స్ మధ్యకి కొంచెం ఎడమగా వచ్చేట్టు నిలబడి, బంతి లేకుండా సగం వేగంతో స్వింగ్ చేయండి. చేసినచోట గుర్తు చూడండి, గీత వెంబడి అర అడుగు జరిగి మళ్లీ చేయండి. గడ్డి గీత మీద గానీ, గీత దాటాక గానీ లేవాలి. మొదట్లో గుర్తులు గీతకి వెనకే వరసగా పడతాయి. అప్పుడు 'గడ్డిని గీత అవతల తీయాలి' అన్న ఒక్క ఆలోచనతో చేయండి, బరువు మార్చాలి, మణికట్టు బిగించాలి లాంటివి ఏమీ అనుకోవద్దు. తేడా మీకే కనపడుతుంది. బయట ఒక గుర్తు మీద మనసు పెట్టినప్పుడు ఒళ్లు తన దారి తాను వెతుక్కుంటుంది, ఒంట్లోని భాగాల మీద మనసు పెడితే బిగుసుకుపోతుంది. గుర్తులు వరసగా గీత అవతలే పడుతున్నప్పుడు గీత మీద బంతి పెట్టండి.

మీకు దొరికేది మ్యాట్ (రేంజ్‌లో పరిచే కృత్రిమ గడ్డి చాప) మాత్రమే అయితే జాగ్రత్త, మ్యాట్ అబద్ధం చెబుతుంది. క్లబ్ బంతికి వెనక పడినా రబ్బరు మీద జారి బంతిని తాకేస్తుంది, షాట్ బాగానే కనపడుతుంది, అదే షాట్ గడ్డి మీద రెండు గజాలు దొర్లి ఆగిపోతుంది. దీనికి విరుగుడు తువ్వాలు. మడతపెట్టి బంతికి ఒక జానెడు వెనక పరచండి, తువ్వాలు తగలకుండా బంతిని కొట్టండి. కుదురుతున్న కొద్దీ నాలుగంగుళాల దాకా దగ్గరికి జరపండి. ఇంకో మాట, మ్యాట్ మీద గంటల తరబడి గట్టిగా కొడితే మణికట్లు, మోచేతులు దెబ్బతింటాయి. నొప్పి మొదలైతే ఆ రోజుకి చాలించండి.

బరువు విషయంలో తేలికైన పరీక్ష ఉంది. సగం స్వింగ్ చేసి, తాకిన చోటే ఆగిపోయి, కుడి పాదం గాల్లోకి ఎత్తి చూడండి. పడిపోకుండా ఎత్తగలిగితే బరువు ఎడమకి వచ్చినట్టే.

స్లైస్ ఉన్నవాళ్లకి

దారి ఎడమకి పోయేవాళ్లు పైనుంచి కిందికి రాగానే కుడి భుజాన్ని బంతి వైపు తోసేస్తారు. క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. బంతి కుడికి పోతోంది కదా అని ఇంకా ఎడమకి నిలబడి ఇంకా ఎడమకి కోస్తారు, దానికది వంపు పెంచుకుంటూ పోతుంది.

డ్రైవర్ హెడ్‌కవర్ (క్లబ్ తలకి వేసే మెత్తటి తొడుగు) తీసుకుని బంతికి అడుగు వెనక, టార్గెట్ గీతకి మూడు నాలుగు అంగుళాలు అవతల, అంటే మీకు దూరంగా ఉండే వైపు పెట్టండి. పైనుంచి కోసుకుంటూ వస్తే క్లబ్ దాన్ని తన్నేస్తుంది. తన్నకుండా రావాలంటే లోపలి వైపునుంచి రాక తప్పదు. మొదట బంతి లేకుండా, తర్వాత సగం స్వింగ్‌తో. బంతి కుడికి సూటిగా పోతే కంగారు పడొద్దు, అది మంచి శకునం, దారి మారింది, ఫేస్ ఇంకా పాత అలవాటులో తెరుచుకునే ఉంది.

ఫేస్ కోసం చేతుల్ని విడదీసి పట్టే డ్రిల్ చేయండి. ఎడమ చెయ్యి మామూలు చోట, కుడి చెయ్యి నాలుగు వేళ్ల వెడల్పు కిందికి. నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా మెల్లగా స్వింగ్ చేయండి. చేతులు విడిగా ఉన్నప్పుడు ముంజేతులు ఒకదాని మీదికి ఒకటి తిరగడం స్పష్టంగా తెలుస్తుంది. ఫాలోత్రూలో నడుము ఎత్తుకి వచ్చేసరికి క్లబ్ ముక్కు ఆకాశం వైపు చూడాలి, ఫేస్ ఆకాశాన్ని చూస్తోందంటే మీరింకా దాన్ని తెరిచే పట్టుకున్నారు. ఇలా ఇరవై గాలి స్వింగ్‌లు చేసి, వెంటనే మామూలు పట్టుతో ఐదు బంతులు.

హుక్, అంటే బంతి ఎడమకి గట్టిగా వంగడం, ఉన్నవాళ్లు ఈ రెండు డ్రిల్స్ ముట్టుకోవద్దు. పక్కవాడి మందు వాడితే రోగం పెరుగుతుంది. వాళ్లు గ్రిప్‌లో కనపడే కణుపులు తగ్గించి, ఛాతీ ఆగకుండా టార్గెట్ దాకా తిరిగేలా చూసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

పైకి తీసుకెళ్లడం గురించి కొంచెం, కిందికి రావడం గురించి ఎక్కువ

బ్యాక్‌స్వింగ్ అందం గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. అమెరికన్ ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ని పైకి ఒక దారిలో ఎత్తి, గాల్లో మెలిక తిప్పి వేరే దారిలో దింపుతాడు, ఆ స్వింగ్‌ని ఎవరికీ నేర్పరు. అదే స్వింగ్‌తో ఆయన 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరస) చరిత్రలో మొదటిసారి ఒక రౌండ్ 58 షాట్లలో ముగించాడు. తాకేచోట ఆయన క్లబ్ ఎప్పుడూ ఒకేలా వస్తుంది, అది చాలు. మీరు చూసుకోవాల్సింది భుజాలు నిజంగా తిరుగుతున్నాయా, చేతులు మాత్రమే పైకి లేస్తున్నాయా అన్నది. ఒళ్లు అంతగా తిరగనివాళ్లు ఎడమ మడమని నేలనుంచి లేవనివ్వండి, నిక్లాస్ కూడా లేపేవాడు, దానివల్ల తుంటి తేలిగ్గా తిరుగుతుంది, నడుముకీ మేలు.

కిందికి వచ్చేటప్పుడు మాత్రం వరస ముఖ్యం. చెరువు నీళ్ల మీద కప్పగంతులు వేసేలా పెంకు విసిరేటప్పుడు మీరేం చేస్తారో గుర్తుచేసుకోండి: ఎడమ కాలు ముందు పడుతుంది, తుంటి తిరుగుతుంది, మోచెయ్యి పక్కటెముకలకి దగ్గరగా వస్తుంది, అన్నిటికంటే ఆఖరున మణికట్టు విదులుస్తుంది. ఎవరూ నేర్పకుండానే వస్తుంది. గోల్ఫ్‌లో కావాల్సింది అచ్చంగా ఆ వరసే. చేతులతో మొదలుపెట్టినవాళ్లకి క్లబ్ ముందే విదిలిపోయి బంతి దగ్గరికి వచ్చేసరికి వేగం చచ్చిపోతుంది.

దీనికి అడుగు వేసే డ్రిల్ కంటే మంచిది నాకు కనపడలేదు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడండి. క్లబ్ పైకి వెళ్తూ ఉండగానే, ఇంకా శిఖరానికి చేరకముందే, ఎడమ పాదాన్ని టార్గెట్ వైపు మామూలు స్టాన్స్ వెడల్పుకి అడుగు వేయండి. అడుగు నేల మీద పడ్డాకే క్లబ్ కిందికి రావాలి. మొదట్లో అడుగూ క్లబ్బూ ఒకేసారి పడతాయి, లేదా కొట్టేశాక అడుగు పడుతుంది, నవ్వొస్తుంది. బంతి లేకుండా చాలాసార్లు చేయండి. ఒక దశలో గాలి కోసే శబ్దం మారుతుంది. అంతకుముందు కుడి చెవి దగ్గర వినపడే 'స్వూష్' ఇప్పుడు బంతి ఉండే చోట, ఇంకా కుదిరితే బంతి దాటాక వినపడుతుంది. క్లబ్‌ని తిరగేసి తల దగ్గర పట్టుకుని చేస్తే ఆ శబ్దం ఇంకా బాగా తెలుస్తుంది.

టెంపో గురించి రెండు ముక్కలు. మెల్లగా కొట్టు అని అందరూ చెబుతారు, అందులో సగమే నిజం. టూర్ ఆటగాళ్లలో చాలామందికి పైకి వెళ్లే సమయం కిందికి వచ్చే సమయానికి సుమారు మూడు రెట్లు ఉంటుంది, సుమారుగా ముప్పావు సెకను పైకి, పావు సెకను కిందికి. మెల్లగా తీసుకెళ్లి ఒక్కసారిగా కుదిపేవాళ్లకి, గబుక్కున లాక్కుని శిఖరం దగ్గర తడబడేవాళ్లకి ఇద్దరికీ ఆ నిష్పత్తి చెడుతుంది. ఒకటి, రెండు, మూడు అని సమానంగా లెక్కపెడుతూ పైకి, నాలుగు అనేసరికి తాకాలి. నోటితో పైకే లెక్కపెట్టండి, పక్కవాళ్లు చూస్తే చూడనీయండి.

డ్రైవర్ వేరే జాతి

ఐరన్‌తో నేర్చుకున్న కిందికి కొట్టే అలవాటు డ్రైవర్‌తో పనికిరాదు. బంతి టీ (నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద ఉంది, కింది స్థానం బంతికి వెనక వచ్చి క్లబ్ పైకి లేస్తుండగా తాకాలి. అందుకు బంతిని ఎడమ మడమకి ఎదురుగా పెట్టండి, సగం బంతి డ్రైవర్ పైభాగానికి ఎగువన కనపడేలా టీ చేయండి, స్టాన్స్ వెడల్పు చేసి కుడి భుజాన్ని ఎడమ భుజం కంటే కొంచెం దించండి. బంతికి అడుగు ముందు ఖాళీ బంతుల పెట్టె పడుకోబెట్టి, బంతి దాని మీదుగా వెళ్లేలా కొట్టడం మంచి డ్రిల్, టీని నేలలోకి పాతేసేవాళ్లకి వెంటనే పాఠం చెబుతుంది. పెట్టె మెత్తటి అట్టదై ఉండాలి, గట్టిదైతే బంతి తిరిగి మీ మీదికే వస్తుంది.

వీడియో, కోచ్

ఫోన్ స్లో మోషన్ చాలు. ఒకటి మీకు ఎదురుగా, ఛాతీ ఎత్తులో. ఇంకోటి మీ వెనక, టార్గెట్‌కి సూటిగా, చేతుల ఎత్తులో, చేతుల గీత మీద. కెమెరా కాస్త పక్కకి జరిగినా స్వింగ్ దారి వేరేలా కనపడుతుంది, అందుకే ప్రతిసారీ ఒకేచోట పెట్టండి. చూడగానే మీకు తెలిసేది ఏమిటంటే, చాలా ఎక్కువ మార్చేశానని ఒంటికి అనిపించింది వీడియోలో వెంట్రుకవాసి కూడా మారి ఉండదు. కాబట్టి డ్రిల్‌లో అతి చేయండి. మరీ అతి అనిపించినప్పుడే కెమెరాలో సరిగ్గా ఉంటుంది.

కోచ్ దగ్గరికి వెళ్లే ముందు ఆ పది బంతుల సంగతి, రెండు వీడియోలు పట్టుకెళ్లండి. మీ బంతి ఎందుకలా పోతోందో చెప్పకుండా నేరుగా మీ మోచెయ్యి సర్దడం మొదలుపెడితే ఆపి అడగండి. మంచి కోచ్ మూడు ప్రశ్నలకి జవాబిస్తారు: తాకేచోట ఏం తప్పు జరుగుతోంది, దానికి కారణం ఏది, అది పోవడానికి ఒకే ఒక్క డ్రిల్ ఏది. గంటలో ఐదు మార్పులు చెబితే నాలుగు వదిలేసి మొదటిదే పట్టుకోండి. క్లాసు అయ్యాక ఆ డ్రిల్‌ని మీరు చేస్తుండగా కోచ్ మాటలతో సహా రికార్డు చేసుకోండి, ఇంటికెళ్లేసరికి ఎంత మర్చిపోతామో అప్పుడు తెలుస్తుంది. మళ్లీ క్లాసు రెండు మూడు వారాల తర్వాత పెట్టుకోండి, మధ్యలో సాధన లేకుండా వారం వారం వెళ్తే అదే పాఠం మళ్లీ కొనుక్కున్నట్టు.

స్వింగ్ మార్చేటప్పుడు ఆట కొన్నాళ్లు పాడవుతుంది. ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో 1980ల మధ్యలో, అప్పటికే పేరున్న ఆటగాడై ఉండి, కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర స్వింగ్ మొత్తం విప్పి మళ్లీ కట్టుకున్నాడు. కుదరడానికి రెండేళ్లు పట్టింది, ఈలోగా ఫలితాలు పడిపోయాయి. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆఖరి రౌండ్‌లో పద్దెనిమిది హోల్స్‌కి పద్దెనిమిది పార్‌లు (హోల్‌కి నిర్ణయించినన్ని షాట్లే) చేసి గెలిచాడు. మీరు మార్చేది గ్రిప్ ఒక్కటే కావచ్చు, అయినా రెండు వారాల్లో తేలిపోవాలని పట్టుబట్టకండి, ముఖ్యమైన పోటీ ముందు అసలు మొదలుపెట్టకండి.

ఒక గంట ఎలా వాడాలి

పెద్ద బకెట్ కొని అరగంటలో ఖాళీ చేయడం వ్యాయామం, సాధన కాదు. యాభై బంతులు చాలు. మొదటి పావుగంట బంతి లేకుండా డ్రిల్. తర్వాత ఇరవై బంతులు డ్రిల్‌తో కలిపి, సగం స్వింగ్, సగం వేగం, ప్రతి రెండు బంతుల మధ్య రెండు గాలి స్వింగ్‌లు. ఇంకు మచ్చ మధ్యకి వస్తూ ఉంటేనే వేగం పెంచండి, పక్కకి పోగానే మళ్లీ తగ్గించండి. అలసిపోయాక కొట్టే బంతులు పాత తప్పునే గట్టిపరుస్తాయి.

మిగతా బంతులు క్లబ్బులు మారుస్తూ కొట్టాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ఒకే క్లబ్‌తో ఒకే గుర్తుకి ముప్పై బంతులు కొడితే పదో బంతి నుంచి బ్రహ్మాండంగా పోతాయి, బాగుపడ్డాం అనిపిస్తుంది, కోర్స్‌లో మొదటి టీ దగ్గర అదంతా ఆవిరైపోతుంది, ఎందుకంటే కోర్స్‌లో రెండోసారి అదే షాట్ ఎవరూ ఇవ్వరు. కాబట్టి డ్రైవర్, 7 ఐరన్, వెడ్జ్, మళ్లీ ఇంకో ఐరన్, ప్రతిసారీ గుర్తు మార్చి, బంతి వెనకనుంచి గురి చూసి, కొత్తగా నిలబడి కొట్టండి. షాట్లు ఘోరంగా కనపడతాయి, కానీ నిలబడేది ఇలా నేర్చుకున్నదే. ఆఖరి పది బంతులు పరీక్ష: ముప్పై గజాల వెడల్పు ఊహించుకుని ఎన్ని లోపల పడ్డాయో రాసుకోండి. వచ్చేవారం అదే లెక్కతో పోల్చండి.

కోర్స్‌లోకి వెళ్లినప్పుడు డ్రిల్స్ బ్యాగులోనే ఉండనివ్వండి. ఒక్క ఆలోచన తీసుకెళ్లండి, అదీ బయట గుర్తుకి సంబంధించినది, 'గడ్డి బంతి ముందు తీయాలి' లాంటిది. ఆరో హోల్‌లో పాత స్లైస్ తిరిగొచ్చిందనుకోండి, టెన్షన్ పడి అక్కడే గ్రిప్ మార్చి, స్టాన్స్ మార్చి, ఏడో హోల్‌కి కొత్త స్వింగ్ కనిపెట్టకండి. ఫెయిర్‌వే (హోల్ దాకా ఉండే కత్తిరించిన గడ్డి దారి) ఎడమ అంచుకి గురిపెట్టి మిగిలిన హోల్స్ ఆ స్లైస్‌తోనే ఆడేయండి, దాని మరమ్మతు రేపు రేంజ్‌లో హెడ్‌కవర్ పెట్టుకుని చూసుకోవచ్చు.